ఎర్ర దారానికి గుచ్చిన కార్డు

"ఏటే, కరెంటోడి కొత్త కార్డు ఎక్కడెట్టావు?" అన్నాడు మీ పెదనాన్న, వానకి తడిసి వంటింటి గుమ్మంలో నిలబడి.

"గోడ మీద నీ కాయితం ఉంది గదా. దాన్నే అడుగు" అన్నాను.

మా కాపురంలో ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవి రాసుకో తల్లీ. తెలుగువాళ్ళ పుస్తకంలో వేస్తాం, పాత సంగతులు చెప్పు పెద్దమ్మా అని నువ్వే అడిగావు. నాకు సంతకం తప్ప రాదు, అదీ వంకరే. నేను చెబుతాను, నువ్వు దిద్దకుండా రాయి.

అప్పుడు మేం ఈ దేశంలోనే, సెంబవాంగ్ ఓడల యార్డులో ఉండేవాళ్ళం. ఓడల పని చేసేవాళ్ళ కోసం ఇనప పెట్టెల్లాంటి ఇళ్ళు వరసగా పెట్టారు. లారీ మీద వచ్చి లారీ మీద పోయే ఇళ్ళు. ఇవాళ పది ఉంటే పై నెలకి పదిహేను. వాటి మంచీచెడూ చూడ్డం మీ పెదనాన్న పని. గేటు పక్కన రెండు గదులిచ్చారు మాకు.

కదిలే ఇల్లు కదా, దించిన ప్రతిసారీ ఏదో ఒకటి ఊడేది. పైపు కారేది, వైరు తెగేది, మరుగుదొడ్డి నిండేది. ఒక్కోదానికి ఒక్కో మనిషిని పిలవాలి. వచ్చిన ప్రతివాడూ ఒక కార్డు ఇచ్చి పోయేవాడు. మీ పెదనాన్న వాటిని చొక్కా జేబులో కుక్కుకునేవాడు, ఉతుకులో ముద్దయిపోయేవి. అందుకని నేను తీసుకున్నాను.

చదవడం రాదుగా, నాకొచ్చింది పూలు గుచ్చడం. కార్డులకీ అదే చేశాను. కరెంటువాళ్ళు ఎర్ర దారానికి, నీళ్ళవాళ్ళు నీలం దారానికి, మరుగుదొడ్డి లారీవాళ్ళు నల్ల దారానికి. వంటింటి గోడకి మేకులు కొట్టి వేలాడదీశాను. పిలవగానే వచ్చి పని సరిగ్గా చేసినవాడి కార్డు కింద ఒక ముడి వేసేదాన్ని. వస్తానని రానివాడి కార్డుకి ఒక మూల కత్తిరించేదాన్ని. ఒకాయన కార్డుకి నాలుగు మూలలూ పోయి గుండ్రంగా తయారయింది. నెంబరు మారిందంటే పాతది తెంపి కొత్తది గుచ్చడమే. మీ పెదనాన్న కేకేసేవాడు, "ఏమే, పైపువాళ్ళలో ముడులెక్కువున్నోడ్ని తియ్యి!" నేను తడుముకోకుండా తీసిచ్చేదాన్ని. ఆ యార్డు మొత్తమ్మీద నాకున్న పెద్దరికం అదొక్కటే.

అప్పుడే కంప్యూటరు ఉద్యోగాలు ఊపుగా వచ్చాయి. నువ్వు విశాఖపట్నం నుంచి ఒక సూట్‌కేసుతో దిగావు. ఆ దారాలు చూసి ఎంత నవ్వావో! "పెద్దమ్మా, ఇది నిజంగా డేటాబేసే" అన్నావు. నాకు ఆ మాట తెలీదు గాని నువ్వు మెచ్చుకున్నావని తెలిసింది. తర్వాత కూచుని కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కాయితం మీద అచ్చు తీసి ఇచ్చావు. మీ పెదనాన్న దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి టెలిఫోను పైన గోడకి అంటించాడు.

నువ్వు మంచికే చేశావు. నా మనసు విరిగింది నీ దగ్గర కాదు.

ఒక ఆదివారం నీ ఆఫీసువాళ్ళు భోజనానికొచ్చారు. అందరూ హైదరాబాదు పిల్లలు. గోంగూర కోసం పొద్దున్నే మనవాళ్ళ కొట్లుండే లిటిల్ ఇండియా దాకా పోయొచ్చాను. వాళ్ళు తింటుంటే మీ పెదనాన్న కాయితం చూపించి, దారాలు చూపించి, "మా ఆవిడకి అక్షరాలు రావు గాని ముడులు బాగా వచ్చు. ఇక ఆ తోరణాలు తియ్యవే, పెళ్ళయిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనకి పరాచికం అంతే, కడుపులో ఏమీ ఉండదు. నేను నవ్వలేదు. వాళ్ళు చేతులు కడుక్కునేలోపే దారాలు పీకి బియ్యం డబ్బా వెనక పడేశాను.

తర్వాత కొన్నాళ్ళకి ఒక తమిళ కరెంటాయన ఫ్యాను బాగుచేయడానికొచ్చాడు. మా ఎర్ర దారంలో అందరికంటే ఎక్కువ ముడులున్నది ఆయనకే. పోతూ పోతూ, "అక్కా, నెంబరు మారింది" అని కొత్త కార్డు ఇచ్చాడు. తీసుకెళ్ళి డబ్బా వెనకున్న ఎర్ర దారానికే గుచ్చాను. ఆ పూట మీ పెదనాన్నతో అన్నాను, కొత్త కార్డిచ్చాడని. "కాయితంలో రాయిస్తాలే" అన్నాడు, మర్చిపోయాడు. నాకు గుర్తుంది. మళ్ళీ అనలేదు. అడగనీ, బతిమాలనీ అనుకున్నాను.

ఆ వాన రోజు పొద్దున, ఆఖరి వరసలో ఒక పెట్టె గోడ ముట్టుకుంటే కరెంటు కొడుతోందని కేకలు. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు లోపల పడుకునున్నారు. మీ పెదనాన్న కాయితం చూసి ఫోను చేశాడు. ఆ నెంబరు పలకలేదు. అప్పుడొచ్చాడు వంటింట్లోకి. నేను పప్పు కడుగుతున్నాను. ఆయన అడిగాడు, నేను ఆ మాటన్నాను.

తిట్టలేదు. టెస్టరు జేబులో పెట్టుకుని, లోపలున్నవాళ్ళని లేపాలని వానలోకి పోయాడు. వాళ్ళందర్నీ బయటికి పంపాడు. ఆ తర్వాత నీళ్ళలో నిలబడి తనే స్విచ్చి తీయబోయాడు. కరెంటు పట్టేసి పడ్డవాడు మళ్ళీ లేవలేదు.

కార్డు నా వెనకే ఉంది తల్లీ. బియ్యం డబ్బా వెనక. చెయ్యి చాస్తే అందేది.

వేళ్ళు ఆపకు. రాయి.

ఆ రోజు నువ్వు ఆస్పత్రిలో గోడకి తల కొట్టుకున్నావు. "నా లిస్టే పెద్దమ్మా, నా లిస్టు తప్పు" అన్నావు. నేను నీ తల నిమిరాను గాని కాదని అనలేదు. నన్ను బెడోక్‌లో నువ్వుండే చోటికి తీసుకొచ్చుకున్నావు. నీ గదిలో మంచం నాకిచ్చి నువ్వు నేల మీద పడుకున్నావు. నాకు జ్వరమొస్తే ఆఫీసు మానేశావు. పెళ్ళి సంబంధమొస్తే, పెద్దమ్మ నాతోనే ఉంటుందని ముందే చెప్పావు. అంతా నీ తప్పు కడుక్కుంటున్నావని నాకు తెలుసు. తెలిసీ చేయించుకున్నాను. ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెబితే ఈ ఇంట్లో నాకు చోటుండదేమోనని మింగేశాను.

నీ కాయితంలో తప్పు లేదు. ఎక్కించిన రోజున అన్నీ సరైనవే. మారింది తర్వాత. మారిందని తెలిసినదాన్ని నేను.

పుస్తకంలో వేస్తావో మానేస్తావో నీ ఇష్టం. ఏడవకు, కళ్ళు తుడుచుకో. నా కోసం ఎక్కడా మెత్తబరచలేదు కదా? కార్డు ఎక్కడుందో నాకు తెలుసన్న మాట ఉంచావా, తీసేశావా? నాకు చదవడం రాదు, నేను చూసి తెలుసుకోలేను. మొదటి నుంచీ గట్టిగా చదివి వినిపించు.