ఎత్తోరే దాటిన గడప

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో రెంటచింతల చర్చిలో వడ్రంగం చేసే ఇటలీ బ్రదర్ ఎత్తోరే, ఒకప్పుడు తన దేశంలో, అడ్డుకర్రల మీంచి దూకుతూ పరుగెత్తే హర్డిల్స్ పందేల్లో పేరున్న ఆటగాడు. కుడి మోకాలు దెబ్బతిని పందేలు మానేసినా, కాలువైనా కంపైనా గడపైనా ఎడమకాలు ముందుకు చాపే దాటేవాడు. విషజ్వరం వచ్చినప్పుడు జొన్నగంజి తాగించి ఆయన్ను బతికించిన ఆ ఊరి ఆరోగ్యమ్మ, తన కొత్తింట్లో మొదటి అడుగు ఆయనదే కావాలంది.

"ఏమే, ఆ దొర ఎడమకాలు పెడతాడే. ఇంటికి చేటు," అని ఆరోగ్యమ్మ అత్త సణిగింది.

గడప ముందు ఎత్తోరే ఆగాడు. అలవాటుగా లేచిన ఎడమకాలు దించి, ద్వారబంధం పట్టుకుని, పళ్ల బిగువున కుడికాలు ఎత్తాడు.

"నిదానంగా రా అన్నా," అంటూ ఆరోగ్యమ్మ చెయ్యందించింది. "ఇక్కడ నిన్నెవరూ తరమట్లా."