గురుబరపల్లి స్టాపింగులో అన్న

"మన అన్న పోయినాడంటప్పా. రాత్రి గుండెనొప్పి వచ్చిందంట" అని మొన్న పొద్దున కంపెనీ బస్సెక్కగానే డ్రైవర్ చెప్పాడు. కృష్ణగిరి నుంచి హోసూరు ఫ్యాక్టరీకి పోయే ఆ బస్సులో అన్న అంటే ఒక్కరే. కార్లకు తలుపులు బిగించే లైన్లో నాకు పని నేర్పిన మనిషి.

గురుబరపల్లిలో ఎక్కేవాడు. తనకంటూ ఒక సీటు పెట్టుకోలేదు, రోజుకొకరి పక్కన కూర్చునేవాడు. "ఈపొద్దు నీ వంతు, జరుగప్పా" అనేవాడు. హోసూరు చేరేలోపు ఇంటి సంగతులన్నీ లాగేసేవాడు. కునుకు తీద్దామనుకున్న రోజు ఆయన వచ్చి కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. అయినా మా అమ్మ ఆపరేషన్ సంగతి మొదట చెప్పుకున్నది ఆయనకే. లైన్లో నేను తొందరపడితే, "మెల్లగా బిగించప్పా, దీంట్లో ఎవరి బిడ్డో కూర్చుంటాది" అనేవాడు. నా చేయి కుదుటపడేది.

కార్లకు గిరాకీ లేదని కంపెనీవాళ్ళు మనుషులను తీసేయడం మొదలుపెట్టినప్పుడు, మొదట పోయినవాళ్ళలో అన్న ఉన్నాడు. మామిడితోట ఉంది, టమాటా చేను ఉంది, తిండికి లోటు లేదు. లోటల్లా మనుషులకే. చెట్లతో ఎంతసేపని మాట్లాడతాడు! మా బస్సు వచ్చే వేళకు రోడ్డు పక్కన నిలబడేవాడు. డ్రైవర్ ఒక్క క్షణం ఆపితే, కిటికీలోంచి మామిడికాయల సంచి అందించి, "బాగుండారా అప్పా అందరూ?" అనేవాడు. జవాబు చెప్పేలోపే బస్సు కదిలేది.

తర్వాత కూడా తీసేస్తూనే వచ్చారు. మిగిలిన కొద్దిమందిమి ఎవరి కిటికీ దగ్గర వాళ్ళం కూర్చుంటున్నాం. రేపు ఎవరికి మూడుతుందోనని మాటలే మానేశాం. ఇప్పుడు కావలసినంత నిద్రపోవచ్చు, నిద్రే రాదు.

మొన్న పొద్దున బస్సు గురుబరపల్లి చేరేసరికి, రోడ్డు పక్కనే అన్న ఇంటి ముందు షామియానా కనిపించింది. ఆలస్యమైతే ఉన్న ఉద్యోగం ఊడుతుందని భయం. ఎవరం లేవలేదు. డ్రైవరే ఇంజిన్ ఆపి దిగాడు. అప్పుడు మేమూ దిగాం.

వదిన ఏడుస్తూ ఎదురొచ్చింది. మా వెనక బస్సు తలుపు వైపు చూసి ఆగింది.

"తక్కినోళ్ళు దిగలేదా అప్పా?"

"ఇంతే వదినా మేము" అన్నాను.

"బస్సు నిండా మనోళ్ళుండారు, నిలబడేదానికి కూడా చోటు లేదు అని దినామూ చెప్తా ఉండె కదప్పా..."

రోజూ అన్న చూసింది ఈ ఖాళీ సీట్లనే. వదిన మమ్మల్ని దాటి, బస్సు కిటికీల్లోకి ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడింది.