మ్యూట్ టూల్‌కి నేనిచ్చిన బిల్డప్

సినిమా కథలు చెప్పి చెప్పి నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరిని పరిచయం చేసినా బిల్డప్ ఇవ్వకుండా ఉండలేను. జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో నిర్మాతల ముందు కూర్చుని కథ చెప్పేటప్పుడు, ఒక్క సీన్లో కనిపించే పోస్ట్‌మ్యాన్‌కైనా ఘనంగా ఎంట్రీ ఉండాలి. లేకపోతే ఎదుటివాళ్లు ఫోన్ తీస్తారు. ఇరవయ్యేళ్లు ఆ పనే చేశాను. నేను రాసిన సీన్లలో తెరమీదకు వచ్చినవాటికన్నా సెట్లో మారిపోయినవే ఎక్కువ. డైరెక్టరు కొంత మారుస్తాడు, హీరో కొంత మారుస్తాడు, మిగిలింది ఎడిటింగులో పోతుంది.

రెండేళ్ల క్రితం ఫిల్మ్‌నగర్‌లోనే ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో ఉద్యోగానికి కుదిరాను. సినిమా షాట్లు తయారుచేసే కంప్యూటర్లన్నీ అక్కడ ఒక ఏసీ గదిలో ఉంటాయి. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఏదైనా తేడా వస్తే అలారం మోగిస్తుంది. ఆ అలారాల సంగతి చూడటానికి కొత్తగా ఏఐ ఏజెంట్‌ని, అంటే తనంతట తానే నిర్ణయించుకుని పనిచేసే ప్రోగ్రాంని, పెట్టారు. దానికి పదకొండు టూల్స్ ఇచ్చారు. గదిలో వేడి ఎంతుందో చూసేది ఒకటి, మెషీన్‌ని మళ్లీ స్టార్ట్ చేసేది ఒకటి, అలారం మ్యూట్ చేసేది ఒకటి, ఇలా. ఏది ఎప్పుడు వాడాలో ఏజెంట్‌కి తెలిసేది, ఒక్కో టూల్ పక్కన రాసి ఉన్న వివరణను బట్టే. "మీరు రైటర్ కదండీ, ఆ వివరణలు మీరే రాయండి" అన్నారు మేనేజరు గారు. నేను పొంగిపోయాను.

ఆ గది బాధ్యత చూసే సిస్టమ్స్ ఇన్‌చార్జి అమ్మాయిది బోరబండ. ఒక్కో టూల్ ఏం చేస్తుందో ఒక్కో ముక్కలో రాసిచ్చింది. నాకవి చప్పగా అనిపించాయి. అన్నిటికీ ఎంట్రీలు రాశాను. మ్యూట్ మీద మరీ మనసు పెట్టాను: "ఎంతటి అలారమైనా, ఏ మెషీన్ నుంచి వచ్చినా, క్షణంలో పరిష్కరించే శక్తిమంతమైన టూల్."

ఆమె చదివి, "జర ఎక్కువైనట్టుంది సార్" అంది. రైటర్‌కే రాత నేర్పుతోందా అని లోపల చిరాకుపడి, పైకి నవ్వి, ఒక్క ముక్కా మార్చకుండా ఉంచేశాను.

వారం తిరక్కుండానే, అందరం భోజనాల్లో ఉండగా గదిలో ఏసీ ఆగిపోయింది. అలారం మోగింది. ఏజెంట్ నా వివరణలన్నీ చదివి మ్యూట్‌ని ఎంచుకుంది. అలారం ఆపి, సమస్య పరిష్కారమైందని రిపోర్టు కూడా రాసింది. మేం తీరిగ్గా పెరుగన్నం తిని వచ్చేసరికి గది పొయ్యిలా ఉంది. మెషీన్లన్నీ ఆగిపోయాయి. ఒక పాట కోసం మూడు రోజులుగా తయారవుతున్న షాట్లు పోయాయి.

గది ఆమెది కాబట్టి మేనేజరు గారు ఆమెనే నిలదీశారు. ఆమె నా ఊసెత్తలేదు. బయటికొచ్చాక నాతో మాత్రం, "ఇంకోసారి గిట్లయితే ఏజెంట్‌ని తీసెయ్యరు సార్, నన్ను తీసేస్తరు" అంది. కోపంగా కూడా అనలేదు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. వెంటనే లోపలికెళ్లి తప్పు నా రాతదేనని చెప్పాను. "ఇద్దరూ కూర్చుని సరిచెయ్యండి. మళ్లీ జరిగితే మాత్రం జవాబు ఆవిడే చెప్పాలి" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

"మ్యూట్ ఏం చెయ్యదో చెప్పమ్మా" అన్నాను.

"గట్ల అడుగుండ్రి సార్. ఏసీ ఆన్ చెయ్యదు. వేడి తగ్గియ్యదు. మోత ఒక్కటే బంద్ చేస్తది."

"ఎప్పుడు వాడకూడదు?"

"కారణం తెల్వకముందు."

"వేడి అలారం వస్తే?"

"ముందుగాల వేడి ఎంతుందో చూడాలె. ఎనకనే నాకు ఫోన్ చెయ్యాలె."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. "ఇది అలారం మోతను మాత్రమే ఆపుతుంది. సమస్య అలాగే ఉంటుంది. కారణం తెలిసి, ఇన్‌చార్జి సరేనన్నాకే వాడాలి." నా చెయ్యి రెండుసార్లు 'శక్తిమంతమైన' వైపు వెళ్లబోతే వెనక్కి లాక్కున్నాను. మిగతా టూల్స్‌తో కలిపి మూడు రోజులు పట్టింది. ఏ నిర్మాతా నా కథ అంత శ్రద్ధగా వినలేదు. ఆమె ప్రతి వాక్యం దగ్గరా ఆపి, "గిది చదివితే ఏజెంట్ ఏం చేస్తది?" అని అడిగేది. నేను చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేసేది. అయినా ఆ మూడు రోజులూ హాయిగా గడిచాయి.

నెల తర్వాత మళ్లీ భోజనాల వేళకే ఏసీ మొరాయించింది. ఈసారి ఆమె ఫోన్ మోగింది. చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తింది, వెనకాల నేను. తలుపు తీస్తే అలారం ఇంకా మోగుతూనే ఉంది. అంత కర్ణకఠోరమైన మోత విని అంత సంతోషపడటం నాకదే మొదలు. స్క్రీన్ మీద ఏజెంట్ చేసిన పనులు వరసగా ఉన్నాయి. వేడి చూసింది, ఆమెకు ఫోన్ చేసింది, మ్యూట్ జోలికి పోలేదు. ఆమె స్పేర్‌గా ఉంచిన రెండో ఏసీ వేసింది. ఒక్క మెషీన్ కూడా ఆగలేదు.

గది చల్లబడ్డాక ఆమె తన చేత్తోనే అలారం ఆపి, కుర్చీలో కూలబడి నవ్వింది. "మీరు ఎట్ల రాసిండ్రో గట్లనే చేసింది సార్."

"నేను రాసింది కాదమ్మా, నువ్వు చెప్పింది" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, రాసింది రాసినట్టే జరిగిందన్న ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని ఇరవయ్యేళ్లు ఫిల్మ్‌నగర్‌లో తిరిగాను.