నెమరు గురప్ప

మా మామండూరులో మనిషై పుట్టి నెమరువేసినవాడు గురప్ప ఒక్కడే. ఉసిరికాయల కాలం వచ్చిందంటే ఆయన బుగ్గలు రెండూ ఉబ్బే ఉండేవి. పలకరిస్తే తల ఊపేవాడే కానీ నోరు తెరిచేవాడు కాదు.

తిన్న కాయ గింజ వీధిలో ఊసేస్తే ఏ గొడవా లేదు. ఆయన మైలు దూరం కొండెక్కేవాడు. ఒకప్పుడు కణుజులు, అంటే గుర్రమంతేసి దుప్పులు, పడుకున్న నీడ వెతుక్కుని, మోకాళ్లు మడిచి కూలబడి, కళ్లు సగం మూసి, అరగంట నమిలి అప్పుడు ఊసేవాడు.

"గింజ యాడ ఊస్తే ఏమప్పా?" అని ఒకసారి అడిగాను.

"నోట్లో నానల్ల, నీడలో పడల్ల. అప్పుడే మొలుస్తాది. కణుజు అట్లే చేస్తాది."

"నువ్వు కణుజువా?"

"ఇప్పుడు నేనే గదప్పా ఉండేది."

ఊరంతా చెప్పుకుని నవ్వాం. పెంచలయ్య కూతురి పెళ్లిలో ఆశీర్వదించమంటే, ఉబ్బిన బుగ్గలతోనే అక్షింతలు వేసి కొండకేసి నడిచాడు. భార్య మునిరత్నమ్మ మాత్రం తల కొట్టుకునేది. "నేను కాపురం చేసేది మనిషితోనో గొడ్డుతోనో తెలీదు నాయనా," అనేది.

ఏడేళ్లు నెమరువేసి, మొన్నటి వానాకాలంలో జ్వరంతో పోయాడు. అసలు సంగతి ఆ తర్వాత గంగులమ్మ చెప్పింది. ఈమెకు మొగుడు లేడు. కార్తీకంలో తిరుచానూరులో ఉసిరికాయలమ్మి ముగ్గురు బిడ్డల్ని సాకుతోంది.

యుద్ధం మొదలైన ఏడాది వేటకొచ్చిన దొరలకు కణుజులు నీళ్లు తాగే చోటు చూపించింది గురప్పేనట. కూలికి ఒక పాత కోటు ఇచ్చారట. రెండు వారాల్లో మంద మొత్తం పోయింది. వాటి నడక లేక దారులు మూసుకుపోయాయి, గడ్డి నిలువెత్తు లేచింది, కొత్త ఉసిరి మొక్క ఒక్కటీ కనబడలేదు.

"మాన్లు ముసిలివైపోయినాయి, పిల్లమాను ఒకటీ లేదు. విత్తేవాటిని సంపించినావు, రేపు నా బిడ్డలేం తినల్ల? అని అడిగినా," అంది గంగులమ్మ. "మర్నాటినుంచి నమలబట్టినాడు."

అంత నవ్వినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఈ కార్తీకంలో గురప్ప గింజలూసిన నీడన లేచిన చెట్లు తొలికాపు కాశాయి. గంగులమ్మ మొదటి గంప తిరుచానూరుకు కాక మునిరత్నమ్మ ఇంటికి మోసుకొచ్చింది. మునిరత్నమ్మ ఒక కాయ నోట్లో వేసుకుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఒకటి వేసుకున్నాను.

"గింజలు ఊసేదానికి గిన్నె తెచ్చేదా?" అంది గంగులమ్మ.

మునిరత్నమ్మ ఉబ్బిన బుగ్గతో తల అడ్డంగా ఊపి, చెప్పులు తొడుక్కుని కొండవైపు నడిచింది. నేనూ వెనకే నడిచాను. దారిలో ఎవరో, "యాడికప్పా?" అని అడిగారు. తల ఊపాను.