వందో ఆట చూడటానికి ఫ్రిస్కో వెళ్ళాను

శనివారం ఉదయం నాలుగున్నరకు, అలారం మోగకముందే లేచాను. శాన్ హోసే ఎయిర్‌పోర్ట్ నుంచి ఆరు పదికి డాలస్ విమానం. రానూపోనూ టికెట్ రెండు వందల ముప్పై ఎనిమిది డాలర్లు. బ్యాగుకు వేరే డబ్బు కట్టాలి కాబట్టి భుజాన ఒక్క సంచితోనే సన్నీవేల్ నుంచి బయల్దేరాను. నాకు నలభై నాలుగేళ్ళు. ఆఫీసు పని కాకుండా, పెళ్ళీ చావూ కాకుండా, ఎవరో రమ్మన్నారని విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

ఎవరు రమ్మన్నారో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. అమెరికాకు రాకముందు ఉద్యోగం మీద మెల్‌బోర్న్‌లో రెండేళ్ళు ఉన్నాను. అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, కోలగా ఉండే మైదానం, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. కాస్త పక్కకు పోయి చివరి స్తంభం లోపలే దాటితే దాన్ని బిహైండ్ అంటారు, ఒక పాయింటు. గురి తప్పినవాడికి కూడా ఎంతో కొంత ఇచ్చే ఆటను నేను మరొకటి చూడలేదు. చూసిన మొదటి రోజే మనసు పడ్డాను.

ఈ ఆటను అమెరికాలో కూడా ఆడతారని ఇక్కడికి వచ్చాక తెలిసింది. ప్లంబర్లూ టీచర్లూ సెలవు రోజుల్లో సరదాకు ఆడుకుంటారు. వాళ్ళ పాత స్కోరు షీట్లన్నీ స్కాన్ చేసి పడేసి ఉన్నాయి, కంప్యూటర్‌లోకి ఎక్కించే నాథుడు లేడు. నేను ఎక్కిస్తానని మెయిల్ పెట్టాను. ఆరేళ్ళుగా నా శని, ఆదివారాలు ఆ షీట్లకే పోయాయి. నాకు పిల్లల్లేరు. పెళ్ళి రెండేళ్ళే నిలిచింది. ఖాళీ సమయానికి లోటు లేదు.

వాటికోసం కట్టిన వెబ్‌సైట్‌లో రికార్డులతో పాటు వింతల పేజీ ఒకటి పెట్టాను. ఉదాహరణకు, ఒక జట్టు రెండు గోల్స్, పన్నెండు బిహైండ్లు కొట్టిందనుకోండి. ఆరు రెళ్ళు పన్నెండు, పైన పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు. ఆ రెండునీ పన్నెండునీ గుణించినా ఇరవై నాలుగే! ఇలా కలిసొచ్చే స్కోర్లు నాలుగే నాలుగు: రెండు-పన్నెండు, మూడు-తొమ్మిది, నాలుగు-ఎనిమిది, ఏడు-ఏడు. సున్నా-సున్నాను వదిలేస్తే ఐదోది లేదు. ఒక ఆదివారం కాగితం మీద ఈ లెక్క తేల్చి, లేచి, ఎవరికైనా చెబుదామని ఫోన్ తీసుకుని, ఎవరికి చెప్పాలో తోచక మళ్ళీ బల్ల మీద పెట్టేశాను.

డాలస్ పక్కనున్న ఫ్రిస్కో ఊళ్ళోని ఒక క్లబ్ నుంచి సహన అనే అమ్మాయి మెయిల్ పెట్టింది. వాళ్ళ క్రిస్ ఆదివారం వందో ఆట ఆడుతున్నాడట. ఏడాదికి ఐదారు ఆటలు జరిగితే గొప్ప అనుకునే చోట వంద అంటే సగం జీవితం. నా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఎవరికీ అన్ని లేవు. వందో ఆట ఆడేవాడి కోసం పెద్ద కాగితం బ్యానర్ కడతారు. అతను దాన్ని చించుకుంటూ మైదానంలోకి పరుగెత్తాలి. ఆ వంద లెక్కపెట్టింది నేనే కాబట్టి నేను పక్కన ఉండాల్సిందేనని రాసింది. ఆ మెయిల్ ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు.

విమానంలో నా పక్క సీటులో మాధవి అని కరీంనగర్ ఆవిడ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తుందట, చెల్లెలి ఇంటికి పోతోంది. నేను లాప్‌టాప్ తెరిచి క్రిస్ ఆటల జాబితా చూసుకుంటుంటే అడిగింది.

"ఆఫీస్ పనా అన్నా? శనివారం కూడ వదుల్తలేరా?"

కాదని చెప్పి, అడక్కపోయినా మొత్తం వివరించాను. ఆవిడ ఓపికగా విని, కాఫీ తాగుతూ తెర మీద వేలు పెట్టింది.

"గిదేందన్నా, ఒకటే తారీఖు రెండుసార్లు ఉన్నది. పొద్దుగాల టెక్సస్‌ల ఆడిండు, అదే రోజు మల్ల ఒహాయోల ఎట్ల ఆడిండు?"

చూశాను. నిజమే. రెండు స్కాన్లూ తెరిచాను. టెక్సస్ క్రిస్ జెర్సీ నంబరు ముప్పై ఒకటి, ఒహాయో క్రిస్‌ది ఎనిమిది. ఇంటిపేరుతో సహా పేరు ఒక్కటే. ఇంటిపేరు ఇక్కడ రాయను గానీ, అమెరికాలో వీధికొకరు ఉండే పేరే అది. ఆరేళ్ళ కింద షీట్లు ఎక్కించేటప్పుడు, ఒకే పేరు కనబడితే ఒకే మనిషిగా కలిపేయమని ప్రోగ్రామ్ రాసింది నేనే. మా ఆఫీసులో నలుగురు శ్రీనివాసులం. ఒకరి మెయిళ్ళు ఒకరికి పోయి నానా తిప్పలు పడుతుంటాం. అలాంటివాణ్ణి ఇంకొకరికి ఇదే పని చేశాను.

ఒహాయో ఆటలు లెక్కపెట్టాను. పద్నాలుగు. వాటిని తీసేస్తే మన క్రిస్ రేపు ఆడేది ఎనభై ఆరో ఆట.

"చెప్పాలె కదా అన్నా మరి," అంది మాధవి. "బగ్ దొరికినంక దాచిపెడ్తే ఎట్ల? నేనైతే దిగంగనే మెయిల్ కొడ్త." ఆవిడకు అది సులువే. ఆవిణ్ణి ఎవరూ బ్యానర్ కట్టి పిలవలేదు.

పదకొండూ నలభైకి దిగాం. గడియారం రెండు గంటలు ముందుకు తిప్పుకోవాలి. ఫ్రిస్కోలో మోటెల్ గది తొంభై రెండు డాలర్లు, శుభ్రంగానే ఉంది. ఆ చుట్టుపక్కల కారు లేకుండా పాలప్యాకెట్ కూడా దొరకదని వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. నాలుగు గంటలకు సహన కారులో వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఇక్కడే పుట్టిన పిల్ల, ఆడవాళ్ళ జట్టులో ఆడుతుంది. నన్ను చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఓ మై గాడ్, అంకుల్! మీరు రియల్! మేము మీరు బాట్ అనుకున్నాం. టూ మినిట్స్‌లో రిప్లై చేస్తారు కదా, ఎనీ టైమ్!"

నేనూ నవ్వాను. రెండు నిమిషాల్లో జవాబు ఎందుకు ఇస్తానో చెప్పలేదు.

వాళ్ళింట్లో అమ్మానాన్నలు ఏదో పుట్టినరోజుకు వెళ్ళారు. గరాజ్ నేలంతా బ్యానర్ పరిచి ఉంది. తెల్ల కాగితం మీద నీలం రంగులో క్రిస్ పేరు, కింద నా ఎత్తున వంద అంకె. "హండ్రెడ్ నేనే పెయింట్ చేశా అంకుల్. త్రీ ఈవినింగ్స్ పట్టింది. ఆ లాస్ట్ జీరోకి టేప్ వేయరా ప్లీజ్? మీరు వేస్తే స్పెషల్."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, అబద్ధమని తెలిసిన సున్నాకు నా చేతులతో టేపు వేశాను. ఆ పిల్ల బిర్యానీ వేడి చేసి పెట్టింది, నా వింతల పేజీలో తనకు నచ్చినవి ఏకరువు పెట్టింది. ఎన్నాళ్ళకో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నేను చేసిన పని గురించి మాట్లాడుతుంటే, దాన్ని చెడగొట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. అంతకుమించి నా పిరికితనానికి వేరే కారణం లేదు.

ఆదివారం ఎనిమిదింబావుకు మైదానం చేరాం. వేసవిలో వెళ్ళేవాళ్ళు టోపీ, నీళ్ళు మర్చిపోవద్దు, తొమ్మిదికే నెత్తి మాడుతుంది. ఇక్కడ ఈ ఆటకంటూ మైదానాలు లేవు. రెండు సాకర్ మైదానాలు కలిపి తాళ్ళతో గీతలు వేస్తారు, ప్లాస్టిక్ పైపులు నిలబెట్టి స్తంభాలంటారు. పక్కనే మనవాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. బంతి కోసం వచ్చిన ఒకాయన మావైపు చూసి, "రగ్బీనా అండీ ఇది? ఆ కర్రలేంటి నాలుగేసి?" అని అడిగి, నా జవాబు సగంలో ఉండగానే వెళ్ళిపోయాడు.

క్రిస్ పొట్టిగా, దిట్టంగా ఉన్నాడు. నలభై ఏడేళ్ళ ప్లంబర్, కుడి మోకాలికి పట్టీ. నన్ను గట్టిగా కావలించుకున్నాడు. "మమ్మల్నందరినీ లెక్కపెట్టేది నువ్వేనా?" అన్నాడు. వచ్చే నెల మోకాలికి ఆపరేషన్ అట. "డాక్టరు పోయినేడే మానెయ్యమన్నాడు. వంద కోసం ఆగాను. ఇదే ఆఖరు."

ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది. అతణ్ణి కారు పక్కకు పిలిచి లాప్‌టాప్ తెరిచి చూపించాను. నా పొరపాటన్నాను, క్షమించమన్నాను. అతను రెండు షీట్ల మీదా జెర్సీ నంబర్లు వేలు పెట్టి చూశాడు.

"ఒహాయో నేనెప్పుడూ వెళ్ళలేదు," అన్నాడు. "ఎనభై చిల్లరే గానీ వంద ఉండవేమోనని నాకే అనుమానంగా ఉండేది. కానీ నువ్వు తప్పు చేయవని అందరూ అనేవాళ్ళు."

తిట్టి ఉంటే బాగుండేది. కుంటుకుంటూ సహన దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాడు. కాసేపటికి నలుగురు కలిసి బ్యానర్‌ను చుట్టేసి వ్యాన్‌లో పెట్టారు. తనది కాని అంకెలోంచి పరుగెత్తలేనన్నాడట. సహన నావైపు చూడలేదు.

పదింటికి ఆట మొదలైంది. స్కోరు రాసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు, మర్యాదకు లోటు చేయలేదు, మాటలే తగ్గాయి. క్రిస్ తమ గోల్ స్తంభాల ముందు కాపలాగా నిలబడి, ఎగరలేని మోకాలితోనే ఎగిరి బంతులు ఆపాడు. పన్నెండింటికి ఆట ముగిసింది, అతని జట్టు గెలిచింది. స్కోరు కలిపి చూస్తే ఏడు గోల్స్, ఏడు బిహైండ్లు, నలభై తొమ్మిది. ఆ నాలుగు స్కోర్లలో ఒకటి నా కళ్ళ ముందే పడింది. తల ఎత్తి చూస్తే బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.

షీటు మడుస్తుంటే క్రిస్ మోకాలికి ఐస్ కట్టుకుని వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రెండోవాడు ఎలా ఆడేవాడు?"

"పద్నాలుగు ఆటలు. ఒక గోల్, పదకొండు బిహైండ్లు."

పెద్దగా నవ్వాడు. "పదకొండుసార్లు తప్పాడా! ఇప్పుడెక్కడున్నాడు?"

తెలియదన్నాను. ఆ క్లబ్ ఎప్పుడో మూతపడింది. అడుగుదామన్నా ఎవరూ లేరు.

"అయితే ఆరేళ్ళుగా వాడి ఆటలన్నీ నా దగ్గరే ఉన్నాయన్నమాట," అన్నాడు. "దొరికితే వాడివి వాడికి ఇచ్చేయ్. భద్రంగానే ఉంచానని చెప్పు." లేచేటప్పుడు నా భుజం పట్టుకుని లేచాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నావి కూడా.

మూడు గంటలకు సహన ఎయిర్‌పోర్ట్‌కు తీసుకెళ్ళింది. దారి పొడవునా పాటలు పెట్టింది. దించేటప్పుడు మాత్రం అంది, "నిన్న చెప్పొచ్చు కదా అంకుల్. గరాజ్‌లో. నాకు." సారీ అన్నాను. "ఓకే," అంది. ఆ ఓకేకి అర్థమేమిటో ఇప్పటికీ తెలియదు.

ఐదున్నర విమానం. ఎనిమిది డాలర్లు కట్టి వైఫై తీసుకుని, క్రిస్‌ను ఇద్దరు క్రిస్‌లుగా విడగొట్టాను. నాలుగు నిమిషాల పని. కొత్త పేజీలో వయసు, ఊరు, ఫోటో అన్నీ ఖాళీ. ఆరేళ్ళు వీళ్ళందరినీ ఎరుగుదుననుకున్నాను. నేను ఎరిగింది అంకెలనే. ఈ ప్రయాణంలో నాకు తెలిసొచ్చింది అంతే, గొప్పగా చెప్పుకునేదేమీ కాదు.

ఒహాయోలో ఆ పేరున్నవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో వెతికితే ఐదుగురి మెయిల్ అడ్రస్‌లు దొరికాయి. ఐదుగురికీ ఒకే ఉత్తరం రాశాను. "మీరు నన్నెరుగరు. ఒకప్పుడు ఎనిమిదో నంబరు జెర్సీతో పద్నాలుగు ఆటలు ఆడి, ఒక గోల్, పదకొండు బిహైండ్లు కొట్టింది మీరేనా? అయితే వాటిని మీ పేరు మీదకు మార్చాను. పొరపాటు నాది. ఇన్నాళ్ళూ వాటిని భద్రంగా ఉంచిన మనిషి మిమ్మల్ని అడిగాడు."

ఏడుంబావుకు శాన్ హోసేలో దిగి ఫోన్ చూస్తే రెండు జవాబులున్నాయి. ఒకటి, నేను కాదు, ఇంకెప్పుడూ రాయవద్దని. రెండోది ఎవరో డెబ్బై తొమ్మిదేళ్ళ పెద్దాయన నుంచి. "బాబూ, అది నేను కాదు. ఆ ఆట పేరు కూడా నేను వినలేదు. ఈ వారంలో నాకు వచ్చిన ఉత్తరం ఇదొక్కటే, అందుకని జవాబు రాస్తున్నాను. పదకొండుసార్లు తప్పాక కొట్టాడా ఆ ఒక్క గోల్, ముందే కొట్టాడా? తెలిస్తే రాయి."

స్టేషన్‌లో సన్నీవేల్ రైలు కోసం నిలబడి, ఆ పద్నాలుగు షీట్లూ మళ్ళీ తెరిచాను. ఆఖరి ఆటలో కొట్టాడు. పెద్దాయనకు అదే రాశాను.