మీడియం సైజు మనిషి

పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని జిమ్ గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. రాసినవాడికి పొట్టతో పరిచయం ఉన్నట్టు లేదు. ఎనిమిది నెలలుగా ఆ గోడ పక్కనే డంబెల్స్ ఎత్తుతున్న కటింగ్ మాస్టారికి చేతులు కాస్త గట్టిపడ్డాయి. ఛాతీ కూడా వచ్చిందేమోనని ఆయనకో అనుమానం. పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంది.

మనిషి యాభై ఆరు కిలోలు. వెనకనుంచి చూస్తే కాలేజీ కుర్రాడు. "పక్కకు తిరిగితే ఐదో నెల" అంటాడు ఆయన బావమరిది. లావుపాటి మనిషికి పొట్ట ఒంట్లో కలిసిపోతుంది. బక్కపలచని మనిషి పొట్ట అలా కాదు, ఖాళీ చేయమన్నా చేయని అద్దెవాడిలా విడిగా కనిపిస్తుంది. పైగా నలభై మూడేళ్ల వయసులో వచ్చింది కాబట్టి తొందరగా పోయే ఉద్దేశం కూడా దానికి లేదు.

ఆయన పనిచేసేది యూనిఫాంలు కుట్టే దుకాణంలో. ఆరు మిషన్లు, మధ్యలో పొడవాటి కటింగ్ బల్ల, నేలంతా గుడ్డ పేలికలు. ఆర్డరు రాగానే ముందు ఒక శాంపిల్ చొక్కా కుడతారు. దాన్ని మాస్టారు తొడుక్కుంటారు. ఓనరు సుద్దముక్కతో అక్కడక్కడా గీతలు గీస్తాడు. ఆ గీతల ప్రకారం మీడియం సైజు నమూనా కాగితం కత్తిరిస్తారు. చిన్నవీ పెద్దవీ దాన్నిబట్టే. పద్దెనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. "మన మాస్టారుండగా కొలతలకి బొమ్మెందుకండీ దండగ" అని ఓనరు వచ్చినవాళ్లకల్లా చెబుతాడు. అది పొదుపో పొగడ్తో మాస్టారు విచారించలేదు, పొగడ్తగానే తీసుకున్నారు. మనుషులు ఇంతకంటే చిన్నవాటికి గర్వపడటం నేను చూశాను.

జిమ్ వల్ల పని జరగడం లేదని ఆయన తిండి మీద పడ్డారు. పొద్దున టీ, మధ్యాహ్నం సగం డబ్బా, రాత్రి ఒక అరటిపండు.

"ఏమండీ, డబ్బాలో సగం మళ్లీ వెనక్కొచ్చింది. నా వంట బాగోకపోతే నోటితో చెప్పొచ్చుగా" అంది భార్య.

"వంట బాగానే ఉంది. నేనే బాగోలేను."

"అద్దంలో చూసుకునే వయసు మీకిప్పుడొచ్చిందా?"

జిమ్‌లో కోచ్‌కి సామెతలూ ఉపదేశాలూ రావు. గోడ మీది రాతతో కూడా అతనికి సంబంధం లేదు. "అన్నా, పోయిన నెల ఎత్తిన బరువు ఈ నెల ఎత్తలేకపోతున్నావు. తింటున్నావా అసలు?"

"తింటే పొట్టొస్తుందిగా."

"నీ ఒంట్లో కరగడానికి ఉన్నదే పిసరంత. తిండి ఇలా కోసేస్తే ముందు కండ పోతుంది, పొట్ట అన్నిటికంటే ఆఖర్న పోతుంది. రోజూ గుడ్లు తిను, పాలు తాగు, బాగా పడుకో. బరువులు మెల్లగా పెంచుదాం. ఏడాది పడుతుంది."

"ఏడాదా!"

"ఏం, వచ్చేవారం పెళ్లిచూపులా నీకు?"

పెళ్లిచూపులు కాదు. వచ్చేవారం శాంపిల్ ఉంది. ఒక ఆసుపత్రి వార్డు సిబ్బందికి నూట ఇరవై చొక్కాలు.

ఆ రోజు మాస్టారు చొక్కా తొడుక్కుని, ఊపిరి లోపలికి లాగి నిలబడ్డారు. పొట్ట వెన్నెముకకు అంటుకుంది. ఓనరు చుట్టూ తిరిగి చూసి, "పర్లేదే మాస్టారూ, బాగా తగ్గారే!" అన్నాడు. జవాబు చెబితే ఊపిరి పోతుంది. మాస్టారు తల ఊపారు. ఓనరు నడుము దగ్గర రెండు పక్కలా లోపలికి గీత గీశాడు. ఆ గీతతోనే నూట ఇరవై చొక్కాలూ తెగాయి.

రెండు వారాలకు మూటలు తిరిగొచ్చాయి. నిలబడితే బాగానే ఉన్నాయట. రోగిని లేపడానికి వంగితే మాత్రం బొత్తాలు ఊడి మంచం కిందకి పోతున్నాయట.

పక్క కుట్లు వేసింది కాజాలక్క. కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి మిషన్ మీదకు రావడానికి ఆవిడకు పదకొండేళ్లు పట్టింది. పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

"కుట్టు ఎంత లోపలికేశావక్కా?" ఓనరు గొంతు వీధిలోకి వినిపించింది.

"ఎప్పుడూ వేసినంతే. కావలిస్తే టేపు పెట్టి చూస్కో బాబూ."

"టేపెందుకు? మాస్టారి ఒంటిమీద నా కళ్లతో చూశాను, అతికినట్టుంది. తప్పు కుట్టుదే. రేపట్నుంచి మళ్లీ కాజాలు చూసుకో, మిషన్ ఇంకొకళ్లకిస్తాను."

ఆవిడ మిషన్ మీద గుడ్డ కప్పి, నేల మీదికి దిగి సూది తీసుకుంది.

మాస్టారు కత్తెర పట్టుకుని బల్ల దగ్గరే ఉన్నారు. నిజం చెప్పేవాడి ముఖం వెలిగిపోతుందని అంటారు. చెప్పాల్సిన నిజం పొట్ట గురించైతే ముఖం వెలగదు, చెమట పడుతుంది. ఆయన మధ్యాహ్నం దాకా గుడ్డ మడతలు సర్దుతూనే గడిపారు. భోజనాలప్పుడు చూస్తే కాజాలక్క డబ్బా మూత తీయలేదు. ఆయన లేచి, మూటలోంచి ఒక మీడియం చొక్కా తీసి తొడుక్కుని ఓనరు ముందుకెళ్లి నిలబడ్డారు.

సరిపోయింది చూడమన్నట్టు చేత్తో చూపించారు.

"అదేగా నేనూ అంటున్నది!"

మాస్టారు ఊపిరి వదిలారు. నాలుగో బొత్తాం దగ్గర చొక్కా నోరు తెరిచింది.

"ఇదేంటి మాస్టారూ?"

"ఇది నేను. ఆ రోజు బిగబట్టాను. కుట్టులో తప్పు లేదు."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ముందుగా తేరుకున్నది కాజాలక్క. "ఓరి తమ్ముడూ! నువ్వు నాజూగ్గా కనబడ్డానికి నూట ఇరవై మందికి ఊపిరాడకుండా చేశావు కదరా!"

అందరూ నవ్వారు, ఓనరు తప్ప. అతను అక్కడికక్కడే ఫోన్ తీసి బొమ్మ కావాలని ఎవరికో చెప్పాడు. మీడియం, మగ, తల అక్కర్లేదు. మాస్టారు వింటూ చొక్కా విప్పుకున్నారు. ఆ తర్వాత ఓనరు కాజాలక్క వైపు చూడకుండా, "అక్కా, మిషనెక్కు" అన్నాడు.

"ఎక్కుతాను. ముందు నీ నోటితో అను, తప్పు నాది కాదని."

అన్నాడు, గొణిగినట్టు. ఆవిడ రెండోసారి అనిపించుకుంది.

మాస్టారు అలవాటుగా పక్కల్లో ముప్పావు అంగుళం గుడ్డ వదులుతారు కాబట్టి చొక్కాలు బతికాయి. నూట ఇరవై చొక్కాలు, రెండేసి పక్కలు. ఆయన బ్లేడుతో విప్పాలి, ఆవిడ మళ్లీ కుట్టాలి. దానికి కండలు పనికిరావు. రెండో రోజు సాయంత్రానికి మెడ పట్టేసింది, కళ్లు మసకబారాయి, గోళ్ల సందుల్లో దారప్పోగులు చేరాయి. ఖాళీ కడుపుతో పట్టు జారుతుంటే బ్లేడు గుడ్డకు తగలకుండా ఆయన రెండుసార్లు ఆగారు.

"ఎన్నున్నాయింకా?" అడిగింది కాజాలక్క.

"డెబ్బై."

ఆయన ఇంకో చొక్కా లాక్కుని పక్క కుట్టులో బ్లేడు పెట్టారు.

"అక్కా" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండా. "నీ డబ్బాలో ఏమైనా మిగిలిందా?"

"రెండు గుడ్లున్నాయి. ముందు తిను, ఆ పక్క తర్వాత విప్పుదువుగాని."