గుట్ట కుడిచేతి వైపు

బీదరులో మా ఇంటి వెనక వీధిలో చిన్న పార్కు ఒకటి ఉంది. డాక్టరు చెప్పాడని రోజూ పొద్దున్నే వెళ్ళి దాని చుట్టూ ఐదుసార్లు తిరుగుతాను. మోకాళ్ళు మంచి బుద్ధితో ఉన్న రోజున ఆరు. మొన్న ఒకనాడు, రోజూ నాకు ఎదురయ్యే పెద్దమనిషి ఆగి, "అందరు అటుకెల్లి తిరుగుతుంటే మీరొక్కరే ఎదురు తిరుగుతున్నరు, ఎందుకమ్మా?" అని అడిగాడు. "మా అత్తమ్మ ఇట్లనే తిరగమన్నది" అన్నాను. ఈ వయసులో కూడా అత్తగారికి భయపడే కోడలు ఉందే అనుకున్నాడో ఏమో, జాలిగా తలాడించి వెళ్ళిపోయాడు. నేను చెప్పింది మా నాయిన అక్క గురించి. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అయినా పార్కు మధ్యలో ఉన్న గడ్డిమిట్ట నా కుడిచేతి వైపు లేకపోతే నాకు కాళ్ళు ముందుకు పడవు. ఆ వేళ మిగిలిన నాలుగు చుట్లూ ఆమెతోనే తిరిగాను.

మా ఊరు బీదరు నుంచి మన్నళ్ళి పోయే దారిలో. ఊరి వెనక మూడు గుట్టలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు అర్ధచంద్రంగా ఉంటాయి. గుట్టలంటే పెద్ద కొండలేమీ కావు, ఎర్రటి మొరం దిబ్బలు. చూసేవాళ్ళకు ఒక్క ఉరుకులో ఎక్కొచ్చనిపిస్తుంది. ఎక్కేవాళ్ళకే దాని సంగతి తెలుస్తుంది. శ్రావణంలో రెండో సోమవారం మా ఊరి ఆడవాళ్ళు ఈ మూడింటినీ చుట్టి వచ్చేవాళ్ళు. పశువులు చల్లగా ఉండాలని మొక్కు. దానికి పద్ధతులున్నాయి. ప్రతి గుట్ట మీదా ఒక రాయి పెట్టాలి. కిందికి దిగాక గుట్ట ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పోయిన తోవన తిరిగి రాకూడదు. ఒకప్పుడు ఊరంతా కదిలేదట. నా చిన్నతనానికి నలుగురైదుగురు మిగిలారు. వాళ్ళలో మా అత్తమ్మ ఒకతె. ఆమెను ఇచ్చింది దుబల్గుండిలో. ఉగాదికి రాకపోయినా, పెళ్ళిళ్ళకు రాకపోయినా, ఈ సోమవారానికి మాత్రం ముందునాడే పుట్టింట్లో దిగేది. సంచిలో ఒక చీర, నడుముకు ఒక ఆకువక్కల తిత్తి, అంతే ఆమె సామాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. హైదరాబాదు రాష్ట్రం చీలి మేము మైసూరు రాష్ట్రం వాళ్ళమై కొన్నేళ్ళయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, నాయిన కోపానికి వస్తే ఉర్దూ. మా ఊరి బడి ఏడుతో సరి. ఆ పైన చదవాలంటే బీదరు పోవాలి, పోను రెండు కోసులు, రాను రెండు కోసులు, వెరసి ఎనిమిది మైళ్ళు. ఆ ఏడు కొత్తగా వచ్చిన కన్నడం పంతులు నాయినను పిలిచి, పిల్ల చురుకైనది, ఆపకండి అని చెప్పి పంపాడు. నాయిన విని ఊరుకున్నాడు. నాయిన ఊరుకున్నాడంటే కాదన్నట్టు. నాకు మాత్రం అన్నం సయించలేదు. బీదరు బడిలో పెద్ద కిటికీలుంటాయని, గోడకు ప్రపంచపటం వేలాడుతుందని ఎవరో చెప్పారు. ఆ పటం చూడకుండా చచ్చిపోతానేమోనని నాకు నిజంగా భయంగా ఉండేది. అత్తమ్మ వచ్చిన రాత్రి రొట్టెలు తింటున్నప్పుడు ఈ సంగతి ఎత్తింది.

"ఆడపిల్ల దినాం నాలుగు కోసులు నడుస్తదా అక్కా? నాలుగొద్దులు పోయి, అయిదో నాడు కాళ్ళు నొస్తున్నయని మూలకు కూసుంటది" అన్నాడు నాయిన.

"అయితే రేపు నా ఎంట గుట్టల సుట్టు తిప్పుకొస్త. దీపం పెట్టేలోపల తన కాళ్ళ మీద ఇంటికొచ్చిందనుకో, పంపాలె."

"రాకపోతే?"

"రాకపోతే నేను మల్ల నోరెత్తను, తమ్మీ."

అత్తమ్మ నోరెత్తకుండా ఉండటమనే ఆశ చూపించేసరికి నాయిన ఒప్పుకున్నాడని మా అమ్మ తర్వాత నవ్వేది.

తెల్లారేసరికి ముసురు. వస్తామన్న ఇద్దరు ముసలమ్మలు ఆకాశం వైపు చూసి మళ్ళీ గొంగళ్ళు కప్పుకున్నారు. మేమిద్దరమే బయల్దేరాం. అమ్మ నాకు రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. జొన్నరొట్టెల మూట అత్తమ్మ నెత్తిమీద. మొదటి గుట్ట నవ్వుకుంటూ ఎక్కేశాం. పైన బల్లపరుపుగా ఉండి, తడిసిన మొరం మీద సన్నగా పచ్చిక మొలిచి ఉంది. రాయి పెట్టి దిగి, దారిలో చేను గలాయన రెండు గుప్పెళ్ళు పెసరకాయలు ఇస్తే తింటూ రెండో గుట్టకు చేరాం. దాన్ని బోడగుట్ట అంటారు. దాని మీద రాయి పెడుతున్నప్పుడే మబ్బు దిగింది. ముందు ఊరు పోయింది, తర్వాత చేలు పోయాయి, చివరికి పక్కనున్న అత్తమ్మ చీర అంచు తప్ప నాకేమీ కనిపించలేదు. చలి లేదు, భయం లేదు. పాలలో నడుస్తున్నట్టుంది. ఎక్కడో కింద ఎవరిదో ఎద్దు మెడలో గంట మోగింది, ఇంకెవరిదో జన్మలో మోగినట్టు. ఈ ప్రపంచంలో మేమిద్దరమే మిగిలామనీ, అయినా ఫరవాలేదనీ అనిపించింది.

బోడగుట్ట నుంచి మూడో గుట్టకు తోవ చీలే చోట ఒక మోదుగ చెట్టు, దాని మొదట్లో నీటి ఊట ఉంటాయి. అది గుర్తు. కిందికి దిగాం గాని, మబ్బులో చెట్టెక్కడ కనిపిస్తుంది? అత్తమ్మకు బెంగ లేదు. "గుట్టను కుడిచేతికి పెట్టుకొని నడువు బిడ్డ. తోవ అదే దొరుకుతది" అంది. మిగిలిన పెసరకాయలు ఒలుచుకుంటూ నడిచాం. గుట్ట కుడిచేతి వైపే ఉంది, మా భక్తికి లోటు లేదు. చాలాసేపటికి నేల మీద పెసర పొట్టు కనిపించింది. ఎవరో మాకంటే ముందు పోయారన్నాను. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "మన్నళ్ళి ఆడోళ్ళు కావొచ్చు. సూసినవా, పద్ధతి మరవనోళ్ళు ఇంక ఉన్నరు" అంది. కొంతదూరం పోయాక ఒక బండ మీద ఎర్రగా ఆకువక్క ఉమ్మి. అత్తమ్మ వంగి పరీక్షగా చూసింది. "ముసల్ది ఎవరో ఉన్నది వాళ్ళల్ల. పండ్లు లేనట్టుంది పాపం, ఆకు సరిగ్గ నమల్లే" అని జాలిపడింది. ఆ ముందుపోయిన వాళ్ళను అందుకుందామని అడుగు జోరు చేసింది. తోడు దొరుకుతుందని నేనూ ఉరికాను. ఇంకాస్త దూరంలో తుమ్మ కొమ్మకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది. వాళ్ళలో నా ఈడు పిల్ల కూడా ఉందని సంబరపడి, చెయ్యి జడ మీద వేసుకున్నాను. ఒక జడకు రిబ్బను లేదు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అత్తమ్మ మెల్లగా నోట్లోని ఆకు బయటికి తీసి చూసుకుంది. తర్వాత బండ మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పద్ధతి తెలియనివాళ్ళయితే ఎటో ఒకటు తిరిగి ఎప్పుడో దారిన పడేవాళ్ళు. పద్ధతి బాగా తెలిసినవాళ్ళం గనక ఒక్క గుట్ట చుట్టూ, అడుగు తప్పకుండా, దాదాపు రెండుసార్లు తిరిగాం. నాకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దు ఎంత పోయిందో మబ్బులో తెలియదు గాని కడుపు చెబుతోంది. ఇంకో గుట్ట ఎక్కి దిగి, ఊరు చుట్టి ఇల్లు చేరాలి. బీదరు బడి, ఆ పటం, అన్నీ ఆ మబ్బులోనే కలిసిపోయాయని ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తమ్మా, వచ్చిన తోవన్నే పోదాం. జల్ది ఇల్లు చేరతం. మూడో గుట్ట ఎక్కలేదని నాయినకు ఎట్ల తెలుస్తది?"

"నాయినకు తెల్వది బిడ్డ" అంది అత్తమ్మ, కొంగుతో నా ముక్కు తుడుస్తూ. "రేపు బీదరు తోవల కాళ్ళు నొచ్చినప్పుడు మాత్రం నీకు యాదికొస్తది."

ఇద్దరం మాట్లాడకుండా రొట్టె తిన్నాం. మాట్లాడకపోవడం వల్లనే మంచిదయింది. ఎడమవైపు, కాస్త కింద, బొట్టు బొట్టుగా నీళ్ళ చప్పుడు వినిపించింది. అత్తమ్మకు చెవులు కొంచెం మందం, అందుకే రెండు చుట్లలోనూ ఆ ఊట ఆమెకు అందలేదు. నా వాగుడులో నాకు అందలేదు. ఆమె చెయ్యి పట్టుకుని దింపుకుపోయాను. ముప్ఫై అడుగులు వేశామో లేదో, మోదుగ చెట్టు మబ్బులోంచి మా ఎదుటికి వచ్చి నిలబడింది. నాకంటే పెద్దవాళ్ళకు నేను తోవ చూపించడం అదే మొదలు. ఆ గర్వం ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది.

మూడో గుట్ట పైకి వచ్చేసరికి మబ్బు విచ్చింది. పడమట ఎండ ఏటవాలుగా పడి, తడి నేలంతా కుంకుమ ఆరబోసినట్టయింది. దూరంగా, ఎత్తుమీద, బీదరు కోటగోడ సన్నని ఎర్ర గీతలా కనిపించింది. "అగో, ఆ గోడకు ఇవతలనే ఉంటదట నీ బడి" అంది అత్తమ్మ. నేను రాయి పెట్టడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆమె కూడా తొందరపెట్టలేదు. నిజానికి ఆ రోజంతా మాకు తొందర ఉండాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు గుర్తున్నవన్నీ మేము ఆగిన చోట్లే.

రాయి పెట్టి దిగేటప్పుడు అత్తమ్మ మోకాలు పట్టేసింది. నా భుజం ఆసరా ఇచ్చి నడిపించాను. పొద్దు గూకింది. ఊరి మొదట్లోకి వచ్చేసరికి ఒక దీపం కనిపించింది. తర్వాత రెండు, తర్వాత వాడంతా. నేను లెక్కపెట్టడం మానేసి తల దించుకుని నడిచాను. "ఉరుకు బిడ్డ, నువ్వన్న ఉరుకు" అని అత్తమ్మ భుజం మీంచి చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి తీసుకుని మళ్ళీ నా భుజం మీద వేసుకున్నాను. ఉరికినా ఇంకేం లాభం?

మా వాకిట్లోకి వచ్చాం. ఎడమపక్క ఇంట్లో దీపం ఉంది, కుడిపక్క ఇంట్లో దీపం ఉంది. మా ఇల్లు ఒక్కటే చీకటిగా ఉంది. గడప దగ్గర నాయిన బీడీ నిప్పు, లోపల అమ్మ గాజుల చప్పుడు. శ్రావణ సోమవారం నాడు, పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని కూడా చూడకుండా, ఇంత చీకటి పడేదాకా దీపం లేకుండా మా అమ్మ ఎప్పుడూ ఉండలేదు. నాయిన లేచి మా ఇద్దరి కాళ్ళవైపు చూశాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"కందిలి పెట్టలేదేంది తమ్మీ?" అంది అత్తమ్మ.

"గాసునూనె అయిపోయిందక్కా" అన్నాడు నాయిన, ఎటో చూస్తూ. తర్వాత లోపలికి తిరిగి, "ఇగ పెట్టు" అన్నాడు.

అమ్మ అగ్గిపుల్ల గీసింది. కందిలి వెలిగింది. చిమ్నీ అద్దం శుభ్రంగా తుడిచి ఉంది. అమ్మ దాన్ని పైకెత్తితే అడుగున నూనె నిండుగా తొణికింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, పొద్దుటినుంచి దాచుకున్నదంతా. మరుసటి జూన్‌లో నాయిన నన్ను బీదరు నడిపించుకుపోయి, బడి కాగితం మీద ఉర్దూలో సంతకం చేశాడు. కన్నడం గుమాస్తా దాన్ని ఎటునుంచి చదవాలో తెలియక తిప్పి తిప్పి చూశాడు. అదే ఊళ్ళో తర్వాత ముప్ఫై ఏళ్ళు నేను పాఠాలు చెప్పాను, ప్రపంచపటం ముందు నిలబడి. ఆ సాయంత్రం గురించి నాయినను నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు పార్కులో చుట్టు పూర్తయ్యేసరికి వీధి దీపాలు వాటంతటవే ఆరిపోతాయి, వాటికి ఎవరి రాకా పోకా పట్టదు. కాలం ఎవరికోసమూ ఆగదని పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. కానీ ఒక్క సాయంత్రం, ఒక్క కందిలి వెలిగించనివ్వకుండా, మా నాయిన ఆ కాలాన్ని నాకోసం గడప అవతల నిలబెట్టాడు.